మా పాప చేపలకు టచ్ చూస్తాది

ఆ రోజుల్లో ఉద్యోగమంటే, ముందు దాన్ని పక్కింటివాళ్ళకు ఒక్క మాటలో చెప్పుకోగలిగేలా ఉండాలి. బ్యాంకు అంటే చాలు, టీచరు అంటే చాలు, మా పెద్దమ్మ కొడుకులా "కంప్యూటర్లు" అన్నా చాలు, అవతలివాళ్ళు తలూపి కాఫీ తాగి వెళ్ళిపోతారు. నాకొచ్చిన ఉద్యోగం ఒక్క మాటలో చెప్పేది కాదు, చెప్పినా మా ఇంట్లో చెప్పుకునేది కాదు. చెరువుల్లో పెంచే చేపలకు తోక దగ్గర సూది గుచ్చి, చుక్క రక్తం తీసి, ఆ రక్తంలో రోగాలను ఎదిరించే పదార్థం ఎంతుందో కొలవడం నా పని. ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు (నన్నప్పుడే ముసలిదాన్ని చేయకండి). గండికోట రిజర్వాయరు నిండి, కొండాపురం వైపు ఊళ్ళు మునిగి, అక్కడి జనం కొత్త కాలనీల్లో ఇంకా ఎవరిల్లు ఏదో వెతుక్కుంటున్న రోజులు.

మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ వీధిలో మా నాయనది టచ్ అంగడి. టచ్ అంటే తెలియనివాళ్ళకు చెప్తాను: నగను నల్లటి గీటురాయి మీద గీసి, ఆ గీత రంగు చూసి అందులో బంగారం ఎంత, రాగి ఎంత అని చెప్పడం. ఇప్పుడు మెషిన్లు వచ్చాయి కానీ, మెషిన్ చెప్పింది నిజమా కాదా అని అడగడానికి మళ్ళీ మా నాయన దగ్గరకే వచ్చేవాళ్ళు. ఇంట్లో ఉల్లిపాయ వాసన ఎక్కువైతేనే మా అమ్మ కిటికీలన్నీ తెరిచేది. గుడ్డును గుడ్డు అనేది కాదు, "అది" అనేది. అలాంటి ఇంట్లో నేను బయోకెమిస్ట్రీ చదివి, చేపల ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు మా నాయన రాత్రి భోజనం మామూలుగానే ముగించాడు. చెయ్యి కడుక్కొచ్చి, తుడుచుకుంటూ అప్పుడన్నాడు: "మూడు నెల్లు టెంపరరీ అంటాండావు గదా. పో. మూడు నెల్లకి వాళ్ళు నిన్ను పర్మినెంటు చేస్తే నేను నోరెత్తను. చెయ్యకుంటే వచ్చి అంగట్లో నా పక్కన కూకోవల్ల. మల్ల ఈ ఇంట్లో చేప అన్న మాట ఇనపడగూడదు." సరేనన్నాను. ఆ తర్వాత అంగట్లో ఎవరైనా "పాప ఏం చేస్తాందప్పా" అని అడిగితే నాయన "ఏదో ల్యాబులో ఉండాదిలే" అని, మురికి లేని గీటురాయిని మళ్ళీ మళ్ళీ తుడుస్తూ కూర్చునేవాడు.

మా ల్యాబు పులివెందులలో. దానికి పెద్ద మా పెద్దసారు. భీమవరం వైపు మనిషి, చేపల మధ్యే పుట్టి చేపల మధ్యే పెరిగానని చెప్పుకునేవాడు. మా సీమలో చేపల ప్రాజెక్టు పెట్టడమే ఆయనకు ఒక వింత, దానికి నాలాంటిది అసిస్టెంటుగా దొరకడం ఇంకో వింత. మొదటిరోజు ఒక టబ్బులో లవంగ నూనె కలిపిన నీళ్ళు పెట్టి, కిలోకు పైగా ఉన్న శీలావతి చేపను అందులో వేశాడు. ఆ నీళ్ళలో చేపకు మత్తు వచ్చి నిద్రపోతుంది, అప్పుడు నొప్పి తెలియకుండా రక్తం తీసి మళ్ళీ మంచినీళ్ళలో వదిలితే లేచి వెళ్ళిపోతుంది. లవంగాల వాసనకు నాకు మా అమ్మ చేసే పులావు గుర్తొచ్చి ఆకలేసింది (ఎంత సిగ్గుపడ్డానో ఆ దేవుడికే తెలుసు). ఆ ఆలోచనలో నేనుండగానే చేప లేచి, తోకతో నా చెంప మీద ఒక్కటిచ్చింది. కళ్ళద్దాలు టబ్బులో పడ్డాయి. పెద్దసారు వాటిని తీసి ఇస్తూ, "మత్తు దానికి చాల్లేదా తల్లీ, నీకెక్కువైందా?" అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ నన్ను పెరటిదారినే రానిచ్చి, తలంటు పోసి, చెంప మీద వాపు చూసి "ఎవురే కొట్టింది?" అని అడిగింది. చేప కొట్టిందంటే నమ్మలేదు.

పని చేసే చెరువులు జమ్మలమడుగు దగ్గర. రిజర్వాయరులో ఊరు పోయి కాలనీకి వచ్చిన ఒక రైతు, ఉన్న కొద్ది నేలలో పక్కపక్కనే రెండు చెరువులు తవ్వించి శీలావతులను పెంచుతున్నాడు. అందరూ ఆయన్ని ముంపు మామ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. చేపలకు మేత వేసేది మాత్రం ఆయన తల్లి, మా అందరికీ జేజి (మా వైపు నాయనమ్మను అలాగే అంటారు). పొద్దున్నే కొంగు బిగించి గట్టు మీద నిలబడితే చాలు, నీళ్ళన్నీ కదిలి చేపలు ఆమె ముందు మూగేవి. మా ప్రాజెక్టు చాలా చిన్నది. తూర్పు చెరువులో మేతకు పసుపు కలపాలి, పడమటి చెరువులో ఉత్త మేత వేయాలి. రెండు నెలల తర్వాత పసుపు తిన్న చేపల్లో రోగాలను ఎదిరించే శక్తి పెరిగిందా లేదా అని నేను కొలవాలి. పెరిగితే ఈ రైతులకు మందుల అవసరం తగ్గుతుంది. మామ రోజూ ఎంత మేత వేశారో రిజిస్టరులో రాసేవాడు. మొదటిరోజు నేను జేజికి ఇదంతా వివరించాను.

"ఒగ చెరువుకి పెట్టి ఇంగో చెరువుకి పెట్టగూడదంటావా పాపా?" అంది జేజి.

"అవును జేజీ. అట్లయితేనే కదా తేడా తెలిసేది."

జేజి నా ముఖం వైపు, పడమటి చెరువు వైపు మార్చిమార్చి చూసి "ఊఁ" అంది. ఆ ఊఁ అంటే సరే అని అనుకున్నాను. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, ఏ ఊఁకు ఏమర్థమో తెలుసుకునే వయసు కాదు.

పదిహేను రోజులకొకసారి రెండు చెరువుల్లోంచీ చేపలు పట్టి, రక్తం తీసి, ఆ చిన్న గొట్టాలను ఐసు డబ్బాలో సర్దుకుని బస్సెక్కి పులివెందులకు పోవాలి. శ్రావణమాసం శనివారాల్లో ఆ బస్సు నిండా గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయే జనమే. ఒకసారి నిలబడడానికే చోటు లేదు. ఒక పెద్దాయన "డబ్బాలో ఏందమ్మా?" అన్నాడు. "రక్తం" అన్నాను. అంతే, ముగ్గురు లేచి సీటిచ్చారు. "పాపం, యా ప్రాణం కోసరమో" అని ఒకామె నా తల నిమిరింది, ముద్దనూరులో టీకి ఆపుదామనుకున్న డ్రైవరు ఆపకుండా పోనిచ్చాడు. నేను అబద్ధమాడలేదు. ఎవరి రక్తమని వాళ్ళూ అడగలేదు. (స్వామి క్షమించే ఉంటాడు, రోగాలను ఎదిరించే శక్తి ఏ ప్రాణికైనా అవసరమే కదా.)

ల్యాబులో నా కొలత ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే నా గొప్ప మీకు తెలియదు. రక్తం గడ్డకట్టాక పైన తేట మిగులుతుంది. ఆ తేటలో లైసోజైమ్ అనే కాపలాదారు ఉంటుంది, అది సూక్ష్మజీవుల గోడలను విరగ్గొడుతుంది. మా దగ్గర ఒకరకం సూక్ష్మజీవుల పొడి ఉండేది, దాన్ని నీళ్ళలో కలిపితే పలచటి మజ్జిగలా తెల్లగా అవుతుంది. అందులో చేప తేట ఒక్క చుక్క వేస్తే, కాపలాదారు బలంగా ఉంటే ఆ తెల్లదనం త్వరగా విరిగి నీళ్ళు తేరుకుంటాయి, బలహీనంగా ఉంటే ఆలస్యంగా. ఎంత వేగంగా తేరుకుంటున్నాయో మెషిన్ అంకెల్లో చూపిస్తుంది. అంకె సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి, బలం ముందే తెలిసిన శుద్ధమైన లైసోజైమ్‌ను కూడా పక్కనే కొలవాలి. ఆ శుద్ధమైనది కోడిగుడ్డు తెల్లసొనలోంచి తీసింది. అంటే మా అమ్మ "అది" అనే పదార్థమే నాకు ఇరవై నాలుగు క్యారెట్లన్నమాట.

మొదటిరోజు రెండు చెరువుల అంకెలూ ఒకటే. అది మామూలే, అప్పటికింకా పసుపు మొదలుకాలేదు. నెల తర్వాత తూర్పు చెరువు పెరిగింది. పడమటి చెరువూ పెరిగింది. రెండు నెలలకు రెండూ ఇంకా పెరిగాయి, కవలపిల్లల్లా ఒకదాని పక్కన ఒకటి. పెద్దసారు నా నోటుబుక్కు తిరగేసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పసుపు తిన్నదీ తిననిదీ ఒకటేనంటావేంటమ్మా? గొట్టాలన్నా కలిపేసి ఉండాలి, చెయ్యన్నా వణికి ఉండాలి. మీ ప్రొద్దుటూరోళ్ళకి బంగారం తెలుసు, నే కాదన్ను. చేప తెలీదు. వచ్చే గురువారం ప్రాజెక్టుకు డబ్బిచ్చే కమిటీ వాళ్ళొస్తున్నారు. నేనేం చూపించను? మా ఊరి కుర్రాడొకడున్నాడు, అతన్ని పిలిపిస్తాను. నువ్వేమీ అనుకోకు." నేనేమీ అనుకోలేదు, బాత్రూములోకి పోయి ఏడ్చాను. నాకు కోపం వచ్చింది కూడా. గొట్టాల మీద పేర్లు రాసింది నేను, రెండుసార్లు సరిచూసింది నేను. తప్పు చేసి తిట్లు తినడం నాకు అలవాటే, తప్పు చేయకుండా తినడం అదే మొదటిసారి.

మరుసటిరోజు ఆదివారం. నాయన అంగట్లో పక్కన కూర్చున్నాను (ఎలాగూ ఇక అక్కడే కదా అని). జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒకాయన గొలుసు గీయించుకుని, నాయన చెప్పిన టచ్ నమ్మక గొంతు పెంచాడు. "నీ కన్ను మసకబారిందప్పా" అన్నాడు. నాకు రక్తం మరిగింది. నాయన మాత్రం పెట్టె తెరిచి, టచ్ ముందే తెలిసిన బంగారు ముక్కలు ఐదారు తీసి ఆయన చేతిలోనే పెట్టాడు. "ఇవి నువ్వే గీయప్పా, యాదేదో నాకు చెప్పొద్దు. నేను అటు తిరుక్కుంటా." ఆయన గీశాడు. నాయన ఇటు తిరిగి ఒక్కొక్క గీతా చూసి టచ్ చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. గొలుసాయన గొలుసు జేబులో వేసుకుని గొంతు తగ్గించాడు. ఆయన వెళ్ళాక నాయన నా వైపు చూడకుండానే అన్నాడు: "వాదులాట ఎందుకు, తెలిసినదాన్ని పక్కన పెడితే చాలు." నా సంగతి ఆయనకు అమ్మ చెప్పిందో, నా ముఖమే చెప్పిందో నాకిప్పటికీ తెలియదు.

సోమవారం పొద్దున్నే శుద్ధమైన లైసోజైమ్ సీసా పట్టుకుని పెద్దసారు గదిలోకి పోయి నిలబడ్డాను. "సార్, ఇరవై నాలుగు క్యారెట్ల సీసా మీ చేత్తో తీసుకోండి. ఐదు గొట్టాల్లో మీ ఇష్టమొచ్చినంత బలంగా కలపండి, నంబర్లే వేయండి, ఏదేదో నాకు చెప్పకండి. నేను బయట నిలబడతాను. నా కొలత ఒక్కటి తప్పినా మీ ఊరి కుర్రాడికి నేనే ఫోన్ చేస్తాను." ఆయనకు నా మాటల్లో క్యారెట్లు అర్థం కాలేదు కానీ, పట్టుదల అర్థమైంది. కలిపి ఇచ్చాడు. మధ్యాహ్నానికి కాగితం ఆయన ముందు పెట్టాను. మూడోది అన్నిటికన్నా బలమైనది, తర్వాత ఒకటోది, నాలుగోది ఉత్త నీళ్ళు, "రెండూ ఐదూ ఒకటే సార్, వాటిల్లో తేడా లేదు." పెద్దసారు జేబులోంచి తన చీటీ తీశాడు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్క నంబరూ సరిచూశాడు. "రెండూ ఐదూ కావాలనే ఒకేలా కలిపాను," అన్నాడు చివరికి. "లేని తేడా కల్పించి రాస్తావేమోనని." నేను ఆ క్షణంలో ఎంత పొంగిపోయానో చెప్పలేను. ల్యాబులో ఎవరూ లేకుంటే గంతులు వేసేదాన్నే.

"అయితే చేపలు తప్పంటావా?" అన్నాడు పెద్దసారు.

"చేపలు తప్పు చేయవు సార్. రెండు చెరువులూ పసుపు తింటున్నాయి. ఎలాగో నాకు తెలీదు, కానీ తింటున్నాయి."

మంగళవారం మేత వేళకు జీపులో జమ్మలమడుగు చేరాం, ముందు చెప్పకుండా. జేజి గట్టు మీద కూర్చుని రెండు బేసిన్లలో మేత కలుపుతోంది. రెండింట్లోనూ మేత పసుపుపచ్చగా ఉంది. ముంపు మామ మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చి, బేసిన్లను చూసి తలపట్టుకున్నాడు. "ఏంది మా ఇది, పడమటి చెరువుకి పసుపు యాడిది?" అన్నాడు తల్లితో. ఆమె ఏమాత్రం తొణకలేదు. "మైదుకూరులో నా కూతురింట్లో ఏటికేడు పండుతాది పసుపు. మూటగట్టి తెచ్చుకున్యా. మీ లెక్కలో పసుపు మీరిచ్చిందే తూర్పు చెరువుకి ఏస్తాండా, గింజంత తగ్గించలా. దీనికి నాదేస్తాండా." పెద్దసారు "ఎందుకమ్మా?" అని అడిగాడు. అప్పుడు జేజి లేచి నిలబడింది.

"ఎందుకని అడుగుతాండావే సారూ. మా ఊరుండేటప్పుడు యా ఇంట్లో పెండ్లయినా కూటి బంతుల్లో నెయ్యేసేది నేను. నలభై యేండ్లు ఏసినా. ఒగ ఇస్తరాకులో ఏసి పక్కాకు దాటిపోతే, ఆ ఇస్తరాకు ముందర కూకున్నోడు యట్ట మింగుతాడు కూడు? ఈ గట్టుకి అటు పక్క పిల్లోల్లు, ఇటు పక్క పిల్లోల్లు, రెండూ నా మొగం జూసే నోరు తెరుస్తాండాయి. ఊరు మునిగిపాయె, ఇల్లు మునిగిపాయె. బంతిలో పచ్చపాతం చెయ్యనని నాకుండే పేరు గూడా ముంచమంటావా?"

నాకు మొదటిరోజు ఆ ఊఁ గుర్తొచ్చింది. కొలవడానికి వచ్చినదాన్నే కానీ, నెయ్యి వేసే చెయ్యిని లెక్కలోకి తీసుకోలేదు. సిగ్గేసింది, ఆ వెంటనే లోపల్లోపల గర్వం కూడా పొంగింది. రిజిస్టరు పట్టుకోలేని సంగతి, రోజూ అక్కడే ఉండే మామ పట్టుకోలేని సంగతి, నా చేతిలోని చుక్క తేట పట్టుకుంది. పెద్దసారు గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "ఏమ్మా," అన్నాడు నాతో, "ఈవిడ మనసు కూడా మెషిన్లో పడిందన్నమాట."

కానీ కమిటీ గురువారమే, తేడా చూపించడానికి పసుపు తినని చెరువు ఒక్కటీ లేదు. పడమటి చెరువుకు పసుపు ఆపమని జేజిని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఆపినా రెండు రోజుల్లో ఒరిగేదేమీ లేదు. నేనే జేజి పక్కన కూర్చుని అడిగాను: "జేజీ, మీరు వదిలిన రోజే ఇవే పిల్లచేపలు తెచ్చి వదిలినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" కాలనీకి అవతలి కొసన ఆమె మరిది చెరువు ఉంది. అవే పిల్లలు, అదే బోరు నీళ్ళు, ఉత్త మేత. "అది నా బంతి గాదు," అంది జేజి ఏమీ పట్టనట్టు. "నా కంటికి కనపడదు. ఆడ ఏం జేసుకుంటారో చేసుకోండి." ఆ సాయంత్రమే మరిది చెరువులోంచి, ఈ రెండు చెరువుల్లోంచి రక్తం తీశాను. బుధవారం మూడూ ఒకేసారి కొలిచాను. జేజి చేపల గొట్టాలు చూస్తుండగానే తేరుకున్నాయి. మరిది చేపల గొట్టాలు మజ్జిగలాగే మొండికేసి కూర్చున్నాయి. మెషిన్ చూడకముందే నా కంటికి తెలిసిపోయింది. గీటురాయి ముందు మా నాయనకు తెలిసినట్టే తెలిసింది.

గురువారం కమిటీ ముందు పెద్దసారు జరిగింది జరిగినట్టు చెప్పాడు, దాచలేదు. మళ్ళీ మొదటినుంచి సరిగ్గా చేస్తామన్నాడు, ప్రాజెక్టుకు అడిగిన మరో ఏడాది గడువూ వచ్చింది. ఒక పెద్దమనిషి "రెండు చెరువులూ పసుపు తిన్నాయని ముందు కనిపెట్టిందెవరు?" అంటే, నన్ను ముందుకు లాగి "మా ప్రొద్దుటూరు అమ్మాయండి. బంగారం చూసే చెయ్యి" అన్నాడు. అక్కడికక్కడే నా ఉద్యోగం ఖాయమైంది. ఇంటికి ఫోన్ చేస్తే నాయన "ఊఁ" అన్నాడు. (అప్పటికి నాకు ఊఁలు కొంచెం అర్థమవుతున్నాయి.) ఆదివారం అంగడికి పోతే, ఒకాయన గాజులు గీయించుకుంటూ "పాప ఏం చేస్తాందప్పా?" అన్నాడు. నాయన గీటురాయి కింద పెట్టాడు. "మా పాప పులివెందులలో చేపలకు టచ్ చూస్తాది," అన్నాడు. ఆ వీధిలో అందరికీ వినపడేలాగే అన్నాడు.

అసలు బహుమానం మాత్రం జేజి ఇచ్చింది. ఆ సంతోషంలో మా ఇద్దరినీ భోజనానికి పిలిచింది. పెద్దసారు పొద్దున టిఫిను మానేసి వచ్చాడు. సీమకు వచ్చినప్పటినుంచి సరైన చేపల పులుసు మొహం చూడలేదని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఇంటి వాకిట్లోకి అడుగు పెట్టగానే పులుసు వాసన వచ్చింది, ఆయన కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం నిలబడిపోయాడు. జేజి రెండు ఇస్తరాకులు పక్కపక్కనే వేసింది. నాకు అన్నం, పప్పు, వంకాయ కూర, నెయ్యి. పెద్దసారుకు అన్నం, పప్పు, వంకాయ కూర, నెయ్యి. ఆయన ఓపిగ్గా కాసేపు చూసి, వంటింటి వైపు చూసి, నోరు తెరిచి అడిగేశాడు: "అమ్మా, పులుసు?"

"అది మావోడికి, తరువాత తింటాడు," అంది జేజి నెయ్యిగిన్నెతో. "ఆ పాప తినదు గదా సారూ. పక్కన కూకోబెట్టుకోని నీకొగటి, ఆ పాపకొగటి యట్ట పెట్టేది? ఒగే బంతి."

పెద్దసారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నేను లేచి అవతల కూర్చుంటానన్నాను. జేజి భుజం నొక్కి కూర్చోబెట్టింది. భీమవరం మనిషి, చేపల మధ్యే పుట్టి చేపల మధ్యే పెరిగిన మనిషి, పులుసు వాసన మధ్య కూర్చుని పప్పన్నం రెండుసార్లు కలుపుకుని తిన్నాడు. నెయ్యి మాత్రం ఇద్దరికీ చెంచా తేడా లేకుండా పడింది, నేను కన్నార్పకుండా కొలిచాను.

ఇప్పుడు ఆ ల్యాబులో నేనే పెద్దమేడమ్‌ను. పెద్దసారు రిటైరై భీమవరంలో ఉన్నాడు, ఫోన్ చేసినప్పుడల్లా ముందు జేజి క్షేమం అడుగుతాడు, తర్వాతే నాది. కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరకొచ్చి, మేడమ్, రెండు చెరువుల అంకెలూ ఒకటే వస్తున్నాయి, నా చెయ్యే తప్పేమో అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళను మెషిన్ చూడమనను, గొట్టాలు లెక్కపెట్టమనను. మేత వేసేదెవరు, వాళ్ళింట్లో నువ్వు ఒక పూట భోంచేశావా అని అడుగుతాను. వాళ్ళు బిత్తరపోయి నన్ను చూస్తుంటే, నాకు వాళ్ళ వెనుక చెంప వాచి, నోటుబుక్కు గుండెకు హత్తుకుని, జేజి అన్న ఊఁను సరేననుకుని సంతోషంగా తలూపుతున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల కనిపిస్తుంది. పాపం, చుక్క తేటలో బలం ఎంతుందో చెప్పగలిగేది. మిగతాదంతా ఇస్తరాకు ముందు కూర్చున్నాకే నేర్చుకుంది.